వాకా కవితల చేతిరాత: చదవడం రాకపోతే ఏం చూడాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. టోక్యో మ్యూజియంలో పాత జపనీస్ కవితల రాతలు చూశారు. పక్కనున్న జపనీస్ స్నేహితుణ్ణి చదవమంటే "నాకూ రాదు" అన్నాడు. ఆ దేశం వాళ్ళే చదవలేని రాతను అంత గొప్ప కళ అని ఎందుకంటారన్నది మొదటి ప్రశ్న. భాష రాని మనం దాన్ని చూడటం ఉత్త గీతల డిజైన్ చూడటమే కదా అన్నది రెండోది.

నేను జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్ళుగా ఒక గురువుగారి దగ్గర కానా అనే జపనీస్ అక్షరాల రాత నేర్చుకుంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. టూకీగా నా జవాబు ఇది: ఈ రాత ఉన్నది కవితను కాగితం మీదికి ఎక్కించడానికి మాత్రమే కాదు. కవితకు చెవికి వినిపించే లయ ఒకటుంటుంది. రాసేవాళ్ళు దాని మీద కంటికి కనిపించే ఇంకో లయ వేస్తారు. ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి అన్నదే ఇందులో చూడాల్సింది. ఒకే త్యాగరాజ కీర్తన ఇద్దరు విద్వాంసులు పాడితే, సాహిత్యం ముందే తెలిసిన మనం సంగతులు వింటాం కదా, అలాగే. సాహిత్యం ముందే తెలిసి ఉండటం అన్నది ముఖ్యం. మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ముందు మీరు చూసిందేమిటో తేల్చుకుందాం. మన తెలుగువాళ్ళకు జపాన్ కవిత అనగానే హైకూ గుర్తొస్తుంది, ఎందుకంటే తెలుగులోనూ కవులు దశాబ్దాలుగా హైకూలు రాస్తున్నారు. కానీ మ్యూజియం అద్దాల వెనక కనిపించే పాత రాతల్లో ఎక్కువ భాగం వాకా. 5-7-5-7-7 చొప్పున మొత్తం 31 ధ్వనులు. హైకూ ఆ మొదటి 17 ధ్వనుల భాగం నుంచి చాలా కాలం తర్వాత విడిగా ఎదిగింది. చక్రవర్తి దైగో ఆజ్ఞతో 905 ప్రాంతంలో కూర్చిన కొకిన్‌షూ అనే సంకలనం వాకాకు మూలస్తంభం. 20 సంపుటాలు, సుమారు 1,100 కవితలు. దాన్ని కూర్చినవాళ్ళలో ముఖ్యుడు కి నో త్సురయుకి. దానికి ఆయన కానాలో రాసిన పీఠికలో మొదటి వాక్యమే మనిషి మనసు విత్తనమనీ, దాని నుంచి వేవేల మాటల ఆకులు మొలిచాయనీ చెబుతుంది.

కానా అంటే ధ్వనిని మాత్రమే చెప్పే అక్షరాలు. ఎనిమిదో శతాబ్దంలో జపనీయులు తమ కవితలను చైనా అక్షరాలతోనే రాసేవారు. అర్థాన్ని పక్కనబెట్టి, ఉచ్చారణ కోసమే వాటిని వాడుకునేవారు. సుమారు 4,500 కవితలున్న మన్యోషూ సంకలనంలో ఈ పద్ధతి కనిపిస్తుంది. ఒక్కో ధ్వనికి ఒక్కో పెద్ద అక్షరం గీయడం కష్టం కాబట్టి వేగంగా రాస్తూ రాస్తూ, తొమ్మిదో శతాబ్దానికి అవి కరిగి సన్నని గీతలయ్యాయి. అదే హిరగానా. ఇక్కడ ఒక విషయం గమనించాలి. "హా" అనే ధ్వనికి ఒకే చైనా అక్షరం కాదు, నాలుగైదు వాడేవారు. కాబట్టి కరిగాక కూడా ఒకే ధ్వనికి నాలుగైదు రూపాలు మిగిలాయి. రాసేవాడు తనకు ఆ చోట ఏది నప్పితే అది వాడుకునేవాడు. 1900లో జపాన్ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల కోసం ఒక్కో ధ్వనికి ఒక్కో రూపమే ఖాయం చేసింది. మిగిలిన వాటిని ఇప్పుడు హెంతైగానా అంటారు. మీ స్నేహితుడికి చదవడం రాకపోవడానికి ఒక కారణం అదే. ఆయన బడిలో నేర్చుకున్నది ఒక్కో ధ్వనికి ఒక్క రూపం. ఆ పాత కాగితం మీద ఉన్నవి నాలుగు. పైగా అక్షరాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి.

అయితే ఆ రోజుల్లో వాళ్ళు ఎలా చదివేవారు? నిజానికి వాళ్ళు అక్షరం అక్షరం కూడబలుక్కోవాల్సిన పని తక్కువ, కవితలు ముందే కంఠతా వచ్చు. వెయ్యేళ్ళ కిందటి రచయిత్రి సెయి షోనాగోన్ తన మకురా నో సోషి అనే పుస్తకంలో ఒక సంఘటన చెబుతుంది. మురాకామి చక్రవర్తి కాలంలో మోరోతాదా అనే మంత్రి కూతురికి చిన్నప్పుడు తండ్రి చెప్పిన బుద్ధులు మూడట: మొదట చేతిరాత సాధన చెయ్యి, రెండోది కోతో వాయిద్యం అందరికన్నా బాగా నేర్చుకో, మూడోది కొకిన్‌షూ 20 సంపుటాలూ నోటికి పట్టు. ఆమె రాణివాసానికి వెళ్ళాక చక్రవర్తి ఈ సంగతి విని, పుస్తకం ముందేసుకుని రాత్రిదాకా కవిత తర్వాత కవిత అడిగి పరీక్షించాడు. ఆమె ఎక్కడా తప్పలేదు. చేతిరాత, సంగీతం, కవిత మూడూ ఒకే చదువులో భాగాలు. పాఠకుడి మనసులో కవిత ముందే ఉంది కాబట్టే రాసేవాడికి అంత స్వేచ్ఛ దొరికింది. పంక్తిని ఎక్కడో విరవొచ్చు, అక్షరాన్ని ఒక్క గీతగా సన్నబరచొచ్చు, కవిత సగాన్ని ఇంకో పేజీకి జరపొచ్చు. మొదటి రెండు అక్షరాలు చూడగానే పాఠకుడు కవితను పట్టేస్తాడు, ఆ తర్వాత అతను చూసేది రాతనే. ఎవరికీ కంఠతా రాని కవితను అలా రాస్తే అది పొడుపుకథ అయ్యేది.

ఇప్పుడు అసలు రాత లోపలికి వెళ్దాం. ఒక కవిత తీసుకుంటాను.

నానివాజు ని
సాకు యా కొనొ హానా
ఫుయుగొమొరి
ఇమా వా హారుబె తొ
సాకు యా కొనొ హానా

నానివా రేవులో పూసింది ఈ పువ్వు, చలికాలమంతా దాక్కుని, ఇదిగో వసంతమంటూ పూసింది ఈ పువ్వు. నానివా అంటే ఇప్పటి ఒసాకా. త్సురయుకి తన పీఠికలో ఈ కవితనూ, అసకయామా అనే ఇంకో కవితనూ కవిత్వానికి తల్లిదండ్రుల వంటివనీ, రాత నేర్చుకునేవాళ్ళు మొదట దిద్దేవి ఇవేననీ అన్నాడు. షిగా రాష్ట్రంలో, ఎనిమిదో శతాబ్దం మధ్యలో కొద్దికాలం రాజధానిగా ఉన్న షిగరాకి శిథిలాల్లో దొరికిన ఒక చెక్క పలక మీద ఒకవైపు ఈ కవితా, రెండోవైపు అసకయామా కవితా ఉన్నాయని 2008లో ప్రకటించారు. అంటే త్సురయుకికి 150 ఏళ్ళ ముందే ఈ రెండూ జంటగా ఉన్నాయన్నమాట. ఆ వార్త విన్న రోజున మా తరగతిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఇవాళ్టికీ కరుతా పోటీల్లో, అంటే నూరుగురు కవుల కవితల కార్డుల ఆటలో, ఆట మొదలయ్యే ముందు చదివేది ఈ నానివాజు కవితే.

ఈ కవితలో రెండో పాదం, ఐదో పాదం ఒకటే. చెవికి ఆ పునరుక్తి హాయిగా ఉంటుంది. కంటికి మాత్రం అదే ఆకారం రెండుసార్లు పక్కపక్కన వస్తే రాత చచ్చిపోతుంది. కాబట్టి మొదటి "హానా"లో "హా"ను ఒక మూల అక్షరం నుంచి వచ్చిన రూపంతో రాస్తే, రెండోసారి వేరే రూపం తీసుకుంటారు. మొదటి "సాకు"ను విడివిడిగా నిలబెడితే, రెండోదాన్ని ఒక్క ఊపులో కిందికి లాగేస్తారు. వినేవాడికి అదే పువ్వు. చూసేవాడికి రెండోసారి పూసిన పువ్వు. గురువుగారు విద్యార్థి పేజీ చూసేటప్పుడు మొదట వెతికేది ఇదే: ఇక్కడ ఈ రూపమే ఎందుకు తీసుకున్నావు? "అందంగా ఉందని" అంటే ఒప్పుకోరు. పక్క పంక్తిలో ఏముందో చూపించి సమాధానం చెప్పాలి.

అక్షరాలను కుంచె ఎత్తకుండా కలుపుతూ పోవడాన్ని రెన్‌మెన్ అంటారు. రెండు, మూడు, ఒక్కోసారి ఐదారు అక్షరాలు ఒకే గీతలో వస్తాయి. చూసేవాళ్ళు తరచుగా గమనించని సంగతి ఒకటుంది. ఈ కలపడం మాటల హద్దుల ప్రకారం జరగదు. ఒక మాట చివరి అక్షరం తర్వాతి మాట మొదటి అక్షరంతో ముడిపడొచ్చు, మాట మధ్యలో గీత తెగిపోవచ్చు. పంక్తి కూడా 5-7-5 దగ్గర విరగాలని లేదు. నేను మొదట్లో చెప్పిన రెండో లయ ఇదే. నోరు ఒకచోట ఆగాలంటుంది, చెయ్యి అక్కడ ఆగకుండా కిందికి జారిపోతుంది. నోరు ముందుకు పోతుంటే చెయ్యి హఠాత్తుగా ఆగి కుంచెను సిరాలో ముంచుతుంది. రెంటి మధ్యా ఉన్న ఆ లాగుడు నాకు ఎన్నేళ్ళు చూసినా తనివి తీరదు.

సిరా సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, జపనీస్ అక్షరం ఒక్కటి రాకపోయినా. కానా కుంచె సన్నగా ఉంటుంది, ఒక్క ముంపుతో చాలా అక్షరాలు రాస్తారు. 31 ధ్వనుల కవితకు మామూలుగా రెండు మూడు చోట్ల మాత్రమే మళ్ళీ ముంచుతారు. ముంచిన చోట నలుపు చిక్కగా ఉంటుంది. అక్కడి నుంచి క్రమంగా పలచబడి, సన్నబడి, చివరికి కాగితం గరుకు కనిపించేంత పొడిగా అవుతుంది. మళ్ళీ చిక్కదనం. చిక్కని చోట దగ్గరగానూ, పొడిబారిన చోట దూరంగానూ అనిపించి, చదునైన కాగితంలో లోతు పుడుతుంది. పక్కపక్క పంక్తుల్లో చిక్కని చోట్లు ఒకే ఎత్తున వరసగా రాకుండా జాగ్రత్తపడతారు. మీరు మళ్ళీ మ్యూజియానికి వెళ్ళినప్పుడు చిక్కని చోట్లను మాత్రం వరసగా చూసుకుంటూ వెళ్ళండి. వెయ్యేళ్ళ కింద ఆ మనిషి చెయ్యి ఎక్కడెక్కడ సిరాబండ దగ్గరికి వెళ్ళి వచ్చిందో తెలిసిపోతుంది. ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ నెమ్మదించిందో కూడా. ఈ కళలో గీతను దిద్దడం లేదు. ఒకసారి పడిన గీత మీద మళ్ళీ కుంచె పెట్టరు. అందుకే అందులో కాలం నిలిచి ఉంటుంది.

ఇక పంక్తుల అమరిక. మామూలు పంక్తులు పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు సాగుతాయి. కానీ చిరాషిగాకి అనే చెదరగొట్టిన అమరికలో ఒక పంక్తి పైన, ఒకటి మధ్యలో, ఒకటి అడుగున మొదలవుతాయి. గుంపుగా నాలుగు పంక్తులు, పెద్ద ఖాళీ, మళ్ళీ రెండు చిన్న పంక్తులు. ఇందులో శిఖరాలుగా చెప్పేవి మూడు: సున్‌షోఆన్ షికిషి, మాసు షికిషి, త్సుగి షికిషి. మూడూ చిన్న పుస్తకాల పేజీలు, అరచేతిలో పట్టేంత. త్సుగి షికిషిలో కవిత మొదటి సగం ఒక రంగు కాగితం మీద, మిగతాది పక్కనున్న ఇంకో రంగు కాగితం మీద వచ్చే పేజీలున్నాయి. మాసు షికిషిలో కొన్నిచోట్ల ఒక పంక్తి మీదికే ఇంకో పంక్తి ఎక్కేస్తుంది. ఫొటోలో చూస్తే గజిబిజి అనిపిస్తుంది. అసలు పరిమాణంలో చూస్తే ఊపిరి బిగపట్టాల్సి వస్తుంది. ఈ మూడింటినీ సంప్రదాయంగా త్సురయుకి, యుకినారి, మిచికాజే అనే పాతకాలపు మహానుభావుల పేర్లకు అంటగట్టారు. ఆ పేర్లను గౌరవసూచకంగా తీసుకోవాలి తప్ప నిజమని నమ్మక్కర్లేదు.

త్సురయుకి స్వహస్తంతో రాసినదేదీ మిగల్లేదు. కానీ ఆయన రాత ఎలా ఉండేదో మనకు కొద్దిగా తెలుసు, అదెలాగో చెప్పకుండా ఉండలేను. 1235లో ఫుజివారా నో తెయికా అనే మహాకవి, అప్పటికి డెబ్బై దాటిన ముసలివాడు, త్సురయుకి సొంత చేతితో రాసిన తోసా నిక్కి అనే దినచర్య ప్రతిని చూశాడు. మొత్తం నకలు రాసుకున్నాడు. రాసుకుంటూ చివరి కొంత భాగాన్ని మాత్రం తన దస్తూరిలో కాకుండా, త్సురయుకి అక్షరాలు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే దించాడు, తర్వాతివాళ్ళకు ఆ రాత తీరు తెలియాలని. మూలం పోయింది. తెయికా ప్రతి జాతీయ నిధిగా ఉంది. మూడు వందల ఏళ్ళ కిందటి మనిషి చెయ్యి కదిలిన తీరును తన చేతిలోకి తెచ్చుకుని అందించాడాయన. కవితను కాపాడటమంటే మాటలను కాపాడటమొక్కటే కాదు, ఆ చేతి కదలికను కూడా కాపాడటం అని జపనీయులు నమ్మారనడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం కనిపించదు.

తెయికా సొంత దస్తూరి మాత్రం పూర్తిగా వేరు. పొట్టి అక్షరాలు, లావు గీత పక్కనే సన్న గీత, కలపడం తక్కువ. అప్పటి లెక్కలో అది అందమైన రాత కాదు. కానీ 1555లో తాకెనో జోఓ అనే తేనీటి గురువు తన తేనీటి గదిలో తెయికా రాసిందని చెప్పే ఓగురా షికిషిని, అంటే ఒక కవిత రాసిన కాగితాన్ని, వేలాడదీశాడు. అంతకుముందు ఆ చోట ఎక్కువగా చైనా చిత్రాలకూ, జెన్ సన్యాసుల చైనా రాతలకూ స్థానం. అక్కడి నుంచి వాకా రాత తేనీటి గదిలోకి అడుగుపెట్టింది. తెయికా రాత తీరు ఒక పెద్ద ఫ్యాషన్ అయింది. తేనీటి గురువు కోబొరి ఎన్షూ దాన్నే తన దస్తూరిగా చేసుకున్నాడు. తెయికా వంశంలో వచ్చిన రెయిజెయి కుటుంబం ఇప్పటికీ క్యోటోలో రాజభవనం పక్కనే ఉంటూ పూర్వీకుల రాతప్రతులను కాపాడుకుంటోంది.

కానా లిపికీ కవిత అర్థానికీ ఉన్న బంధం గురించి ఒక్క ఉదాహరణ చాలు. కవయిత్రి ఒనొ నో కొమాచి ప్రసిద్ధ కవితలో "నగమె" అనే మాట వస్తుంది. చూస్తూ ఉండిపోవడం అని ఒక అర్థం, ఎడతెగని వాన అని ఇంకో అర్థం. "ఫురు" అంటే వాన కురవడం, కాలం గడిచి ముసలవ్వడం. పూల రంగు వెలిసిపోయింది, నేను ఊరికే చూస్తూ ఉండగానే, వాన కురుస్తూ ఉండగానే, నా వయసు గడుస్తూ ఉండగానే. చైనా అక్షరంతో రాస్తే వానా, చూపా ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది. కానాలో రాస్తే రెండూ బతుకుతాయి. కాబట్టి వాకాను కానాలో రాయడం కవితకు అవసరమైన పని, అలంకారం కోసం చేసింది కాదు.

కాగితం గురించి చెప్పాలంటే ఇంకో పెద్ద జవాబు కావాలి. అభ్రకం చల్లినవి, బంగారు వెండి రేకుల ముక్కలు అద్దినవి, అచ్చుతో లతలు వేసినవి, నీలం ఊదా నారలు మబ్బుల్లా తేలేవి. వీటన్నింటికీ పరాకాష్ఠ క్యోటోలోని నిషి హొంగాన్‌జి గుడికి చెందిన ముప్పై ఆరుగురు కవుల సంపుటాలు, సుమారు 1112లో తయారైనవి. రంగురంగుల కాగితాలను చింపి, ఆ చిరుగు అంచులను పొరలుపొరలుగా అతికి చేసిన పేజీలున్నాయి అందులో. త్సురయుకి కవితల సంపుటంలో ఒక భాగం రాసింది ఫుజివారా నో సాదానోబు. ఈయన 1129 నుంచి 1151 దాకా ఒంటరిగా కూర్చుని బౌద్ధ గ్రంథాలన్నీ, ఐదు వేల చుట్టలకు పైగా, నకలు రాసినవాడు. ఆ కవితల రాతలో వేగం చూస్తే అంత రాసిన చెయ్యి ఇదే అని నమ్మబుద్ధవుతుంది.

ఆ సంపుటాల్లో రెండింటిని 1929లో పేజీలు పేజీలుగా విడదీసి అమ్మేశారు, ఆడపిల్లల కాలేజీకి నిధుల కోసం. వాటినే ఇషియామా గిరె అంటారు. "గిరె" అంటే ముక్క. మీరు మ్యూజియంలో చూసినవి ఎక్కువగా ముక్కలే అయి ఉంటాయి. తేనీటి గదిలో వేలాడదీయాలంటే పుస్తకం పనికిరాదు, ఒక్క పేజీ కావాలి. అందుకని పదహారో శతాబ్దం నుంచీ పాత కవితల ప్రతులను కోసి, ముక్కలను పంచుకున్నారు. ముక్కలను ఆల్బమ్‌లుగా అతికి వాటిని తెకగామి అన్నారు. ఇదేమి రాత, ఎవరిది అని తేల్చడానికి కొహిత్సు అనే ఇంటిపేరుతో ఒక కుటుంబమే వెలిసింది. టోక్యోలోని ఇదెమిత్సు మ్యూజియం దగ్గరున్న జాతీయ నిధి తెకగామి పేరు "మినుయో నో తోమో", చూడని కాలపు మిత్రులు అని.

కోయడం మంచిదా కాదా అంటే నాకు బాధే. కవితల వరస ఒక అర్థంతో కూర్చింది, వసంతం మొదలు నుంచి చివరిదాకా. కోస్తే అది పోతుంది. కానీ ఒకేచోట ఉన్న పుస్తకం ఒక్క అగ్నిప్రమాదంలో పోతుంది, వంద ఇళ్ళలో ఉన్న ముక్కలు అన్నీ పోవు. జపాన్‌లో కొయ్య ఇళ్ళు ఎన్నిసార్లు తగలబడ్డాయో తెలిసినవాళ్ళు ఈ వాదాన్ని కొట్టిపారెయ్యలేరు. అయినా 1929 నాటి పనిని మాత్రం నేను సమర్థించలేను. అప్పటికి ఫొటో, మ్యూజియం, చట్టం అన్నీ ఉన్నాయి.

చదవడం రాకపోయినా కళ్ళు విప్పార్చి చూడగలిగేది కావాలంటే క్యోటో జాతీయ మ్యూజియంలోని కొంగల బొమ్మలున్న కాగితపు చుట్ట వెతకండి. 13 మీటర్లకు పైగా పొడవు. తావారాయా సోతాత్సు అనే చిత్రకారుడు బంగారు వెండి రంగులతో కొంగల గుంపును ఎగరేశాడు. దాని మీద హొన్నామి కోయెత్సు (1558–1637) ముప్పై ఆరుగురు కవుల కవితలు రాశాడు. కొంగలు చిక్కగా ఉన్నచోట అక్షరాలు సన్నబడతాయి, రెక్కలు పైకి లేచినచోట పంక్తి లేస్తుంది. మొదట్లో కాకినొమొతొ హితొమారో అనే కవి పేరు రాస్తూ కోయెత్సు ఒక అక్షరం మరిచిపోయాడు. ఆ బంగారు కాగితాన్ని పారెయ్యలేదు, పక్కన చిన్నగా ఆ అక్షరం చేర్చి ముందుకెళ్ళాడు. అది ఆ చుట్టలో నాకు చాలా ఇష్టమైన చోటు.

ఆడవాళ్ళ గురించి కూడా చెప్పాలి. హిరగానాను అది పుట్టి పెరిగిన కాలంలో "ఆడవాళ్ళ చెయ్యి" అనేవారు. ప్రేమలేఖల్లో, జవాబు కవితల్లో కాగితం రంగు, మడిచిన తీరు, దానికి కట్టిన పూలకొమ్మ, అన్నిటికన్నా ముందు దస్తూరి, మనిషి విలువను తేల్చేవి. ఆనాటి ప్రసిద్ధ నవల గెంజి కథలో ముఖం చూడకుండా రాత చూసి మనసు పారేసుకునే సన్నివేశాలు ఉన్నాయి. అయినా ఆ కాలపు రాతల్లో ఫలానా స్త్రీదే అని గట్టిగా తేలినవి చాలా అరుదు, వినిపించే పేర్లు ఎక్కువగా మగవాళ్ళవే. అందుకే తర్వాతి కాలపు ఇద్దరి పేర్లు చెబుతాను. ఓతాగాకి రెంగెత్సు (1791–1875) అనే సన్యాసిని తన చేత్తో మట్టి పాత్రలు చేసి, తన వాకాలను వాటి మీద గీసి అమ్ముకుని బతికింది. సన్నని, సూటి గీత, ఎక్కడా హంగు లేదు. కుమగాయ్ త్సునెకో (1893–1986) ఇరవయ్యో శతాబ్దపు కానా రాతలో పెద్ద పేరు. టోక్యో ఓతా వార్డులో ఆమె ఇల్లే ఇప్పుడు మ్యూజియం.

ఈ కళ ఇప్పుడు ఎక్కడుంది అంటే, రెండు దారుల్లో. ఒకటి ప్రదర్శనశాల. 1948లో నిత్తెన్ అనే జాతీయ కళాప్రదర్శనలో చేతిరాతకు విభాగం పెట్టాక, అరచేతి పేజీల్లో బతికిన కానా గోడ మీదికి వచ్చింది. గది అవతలి నుంచి కనిపించాలి కాబట్టి పెద్ద అక్షరాల కానా పుట్టింది. హిబినో గోహో లాంటి గొప్పవాళ్ళు దాన్ని నిలబెట్టారు, కానీ నా మనసు ఇంకా చిన్న పేజీ దగ్గరే ఉంది. రెండో దారి జనవరిలో రాజభవనంలో జరిగే కవితల పఠనం. ఆ ఏటి అంశం మీద ఎవరైనా వాకా పంపొచ్చు, కానీ సొంత చేత్తో కుంచెతో రాసి పంపాలి. కైషి అనే కాగితం మీద వాకా రాసే సంప్రదాయ పద్ధతి కూడా ఇప్పటికీ మారలేదు: మూడు పంక్తులు, ఆ తర్వాత చివరి మూడు అక్షరాలు విడిగా. 2021లో జపాన్ ప్రభుత్వం చేతిరాత కళను నమోదైన అగోచర సాంస్కృతిక సంపదగా ప్రకటించింది.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. భాష రాకుండా చూస్తే డిజైనేనా? పూర్తిగా కాదు. సిరా నడక, ఖాళీ, వేగం ఎవరికైనా కనిపిస్తాయి. కానీ అక్కడితో ఆగిపోకండి. "అర్థం అక్కర్లేదు, అనుభూతి చాలు" అనే మాటతో నేను ఏకీభవించను. కవిత తెలిస్తే తప్ప రెండు లయల మధ్య లాగుడు మీకు అందదు. మంచి విషయమేమిటంటే దానికి భాష మొత్తం నేర్చుకోనక్కర్లేదు. మ్యూజియం చీటీ మీద మామూలు అక్షరాల్లో కవిత ఇస్తారు. ఒక్క కవితను ఎంచుకుని, ఎవరిచేతైనా చదివించుకుని, నోటికి వచ్చేదాకా అనుకోండి. అప్పుడు దాని ముందు నిలబడి, లోపల చదువుకుంటూ వేలితో గాలిలో రాతను అనుసరించండి. ఎక్కడ మీ నోరు ఆగితే చెయ్యి ఆగలేదో చూడండి. ఒక మధ్యాహ్నం ఒక్క పేజీ చాలు. కాగితం వెలుతురుకు పాడవుతుంది కాబట్టి ఇలాంటివి ఏడాదిలో కొన్ని వారాలే బయటపెడతారు. వెళ్ళేముందు ప్రదర్శన తేదీలు చూసుకోండి. ఇంట్లోంచి చూడాలంటే జపాన్ జాతీయ మ్యూజియంల వస్తువుల ఫొటోలు కొల్‌బేస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత అక్షరాలు గుర్తుపట్టడానికి 2021లో వచ్చిన మివో అనే ఉచిత యాప్ కూడా ఉంది.

రాయాలనిపిస్తే కోయా గిరె నుంచి మొదలుపెట్టండి. ఇప్పుడు మిగిలిన కొకిన్‌షూ ప్రతుల్లో అన్నిటికన్నా పాతది, పదకొండో శతాబ్దం మధ్యలోది. ముగ్గురు పంచుకుని రాశారు. కొత్తవాళ్ళకు మూడో చెయ్యి రాసిన భాగం ఇస్తారు, ఎందుకంటే అందులో గీత నిర్మలంగా, వంపులు స్పష్టంగా ఉంటాయి. మొదట విడి అక్షరాలు, తర్వాత రెండేసి కలిపి, ఆ తర్వాతే పంక్తి. సన్న మొనగల చిన్న కానా కుంచె ఒకటి, సిరా ఎక్కువ పీల్చని కాగితం, నారాలో తయారైన సిరాకడ్డీ కొనుక్కోండి. సీసా సిరా వద్దు, పలచన చిక్కన మీ చేతిలో ఉండవు. మన తెలుగు రాత పక్కకు నడుస్తుంది, ఇది కిందికి నడుస్తుంది. ప్రతి అక్షరం చివర కుంచె మొన కింది అక్షరం వైపు చూస్తూ ఉండాలి. మొదటి నెలల్లో చేతికి ఇదే కష్టమనిపిస్తుంది. నానివాజు కవితే రాయండి, ఐదో పాదంలో "హానా" కోసం వేరే రూపం మీరే ఎంచుకోండి. రాశాక ఫొటో ఇక్కడ పెడితే నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.